పొయ్యి వంతు

ఈ మధ్య ఉద్యోగంలో కొత్తగా చేరిన నర్సు పిల్లలు ఇద్దరు ముగ్గురు నన్ను ఒకే మాట అడిగారు. "మేడం, నెల్లూరులో ఇల్లు తీసుకుని అప్ అండ్ డౌన్ చేసుకుంటే మంచిదా, పోస్టింగ్ ఇచ్చిన ఊళ్ళోనే ఉంటే మంచిదా?" అని. అడగడంలో తప్పు లేదు. పిల్లల చదువులుంటాయి, అత్తమామల మందులుంటాయి. నా దగ్గర దానికి జవాబు లేదు. ఒక మనిషి సంగతి మాత్రం ఉంది. నెల్లూరికి మారితేనే బతుకుతుందని అందరికీ తెలిసి కూడా, మారడానికి అందరి అనుమతీ అవసరమైన మనిషి. ఆమె ఇప్పుడు లేదు. ఆమెను తలుచుకుంటే ఏడుపు కంటే ముందు నాకు కోపం వస్తుంది. ఆ కోపాన్ని తగ్గించుకోవాలని నేను ఎప్పుడూ ప్రయత్నించలేదు.

నేను పనిచేసింది దొరవారిసత్రానికి తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఒక చేపలవాళ్ళ ఊళ్ళో. ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సును. వెనక గదిలోనే కాపురం. ఆ ఊళ్ళోనే ఉన్నానని గొప్పగా చెప్పుకోవడం లేదు. మా ఆయన పోయిన తర్వాత వేరేచోట నాకోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. రెండు పెట్టెల పుస్తకాలు ఉండేవి. అవి ఏ ఊళ్ళో ఉన్నా ఒకటే.

ఆమె ఆ ఊరి ఆశా కార్యకర్త. ఆ ఊరి కోడలే. నాకంటే చిన్నది కాబట్టి అక్కా అని పిలిచేది. ఏ ఇంట్లో ఎవరికి నెల తప్పిందో మొగుడికంటే ముందు ఆమెకు తెలిసేది. టీకాల పెట్టె భుజాన వేసుకుని ముందు నడిచేది, వెనక నేను. సూదికి భయపడి పిలకాయలు పారిపోతే, "పోరా పో, నీ పెళ్ళికి గూడా నేను రాను" అని అరిచేది. తాగొచ్చిన మొగుళ్ళను వాళ్ళ గడపలోనే నిలబెట్టి తిట్టేది. ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు. ఆమె నోటికి భయపడి కాదు. ఆ తిట్ల మధ్యలో నవ్వు వచ్చేది.

ఆమె కాళ్ళు వాయడం ముందు నేనే చూశాను. "ఎండలో తిరిగితే వాయవా అక్కా" అంది. తర్వాత మొహం వాచింది. పరీక్షలు చేయిస్తే రెండు కిడ్నీలూ పాడైపోయాయని తేలింది. వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. అప్పట్లో మాకు ఆ మిషను నెల్లూరులోనే. ఊరి నుంచి దొరవారిసత్రానికి ఆటో, అక్కడి నుంచి నాయుడుపేట, గూడూరు మీదుగా బస్సు. పోవడానికి మూడు గంటలు, మిషను మీద నాలుగు గంటలు, రావడానికి ఇంకో మూడు గంటలు.

దొరవారిసత్రంలోని మా పెద్ద ఆసుపత్రి డాక్టరు ఆమె కాగితాలు చూసి, "ఈ ప్రయాణాలు నీ వల్ల కాదమ్మా. నెల్లూరికి మారిపో. అన్నీ అక్కడే ఉన్నాయి" అన్నాడు.

"అవున్సార్. అన్నీ ఆడే ఉండాయి. తమరు గూడా ఆడే ఉండారు గదా" అంది ఆమె.

డాక్టరు కూడా నవ్వాడు. ఆయన ఆసుపత్రి ఉన్న ఊళ్ళోనే ఉండాలని నిబంధన. క్వార్టర్సు కూడా ఉన్నాయి, వాటిలో గడ్డి మొలిచింది. పొద్దున నెల్లూరు బస్సు దిగి, సాయంత్రం కాకముందే నెల్లూరు బస్సెక్కేవాడు. చెడ్డవాడు కాదు. రోగులను కసురుకునేవాడు కాదు. అలాంటి మనిషికి కూడా ఆ మాటలో ఎక్కడ గుచ్చుకోవాలో తెలియకపోవడమే నాకు మంట.

ఒక టీకాల రోజు పని అయిపోయాక ఉపకేంద్రం అరుగు మీద కూర్చున్నాం. మారాలా వద్దా తేల్చుకుందామన్నాను. మంచి ముందు చెప్పమన్నాను.

"మిషను పక్కనే. నడిచిపోవచ్చు. మా పాప ఆడే బట్టలంగట్లో పనిచేస్తాండాది గాబట్టి తోడుంటది. కరెంటు పోదు."

"చెడు?"

"దోమలు."

"దోమలకు భయపడి ప్రాణం పోగొట్టుకుంటావా?"

"పాప రూము చూసింది. ఇంటి ఓనరమ్మ ముందే చెప్పిందంట, ఎండుచేపలు వేయించగూడదని."

"నువ్వు ఎట్లాగూ ఉప్పుచేప తినకూడదు కదా."

"వాసన గూడా చూడగూడదా అక్కా? ఏ డాక్టరు రాసినాడది?"

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు అయిపోయాక ఆమె చీర కొంగుతో అరుగు మీద దుమ్ము తుడుస్తూ కూర్చుంది. తర్వాత అసలు మాట అంది. "పాడు పోద్దక్కా."

పాడు అంటే ఏమిటో బయటివాళ్ళకు చెప్పాలి. సరస్సులో రొయ్య బాగా దొరికే చోట్లు కొన్నే. బలమున్నవాడు దూకి ఆక్రమించకుండా, ఏ రోజు ఏ చోట ఎవరు వల కట్టాలో ఊరంతా కూర్చుని చీట్లు వేసి వంతులు పంచుకుంటారు. ఆ వంతు హక్కే పాడు. పాడు పెళ్ళయిన మగవాడికే. ఊళ్ళో అతని ఇల్లుండాలి, ఆ ఇంట్లో రోజూ పొద్దుగూకేలోగా ఆడమనిషి పొయ్యి వెలిగించాలి. పొయ్యి వెలగని ఇంటికి పాడు లేదు. అందులో న్యాయం లేకపోలేదు. ఊరొదిలి ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ, ఇక్కడి వంతును వేరేవాళ్ళకు అమ్ముకునే వాళ్ళను ఆపడానికి పెట్టుకున్న కట్టు అది. కానీ ఆ కట్టు వేసిన రోజు జబ్బు మనిషి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆమె నెల్లూరు పోతే పొయ్యి ఆగుతుంది, పొయ్యి ఆగితే మొగుడి పాడు పోతుంది. మొగుడికి పోతే, రేపు పెళ్ళి కావలసిన కొడుక్కీ అడిగే హక్కు ఉండదు. తండ్రీ కొడుకులిద్దరికీ ఆ నీళ్ళు తప్ప వేరే బతుకు తెలియదు. ఇది ఒక వైపు. ఇంకో వైపు మా ఉద్యోగం. ఆశా కార్యకర్త అదే ఊళ్ళో నివాసం ఉండాలి. అందరికీ నివాస నిబంధన ఉంది. అది నిజంగా అమలయ్యేది మాత్రం ఆమెలాంటి వాళ్ళ మీదే.

కొన్ని నెలలు అలాగే తిరిగింది. మిషను దిగి, బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోతూ వచ్చేది. కండక్టర్లకు అలవాటై దొరవారిసత్రంలో లేపేవాళ్ళు. ఇంటికి రాగానే మనిషి పడుకోవాలి కదా. లేదు. చేతికి కట్టుతోనే పొయ్యి ముందు కూర్చునేది. ఒకసారి నేను అక్కడే ఉన్నాను. ఊదలేక దగ్గుతోంది. నేను ఊదబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వుండక్కా. చూసేవాళ్ళు చూస్తాంటారు" అంది. బయట నిజంగానే ఎవరో చుట్ట కాల్చుకుంటూ నిలబడి పొగ వస్తోందా లేదా అని చూస్తున్నాడు.

ఇంతలో ఒకనాడు బస్సు దిగుతూ పడిపోయింది. నేనే నెల్లూరు తీసుకుపోయాను. ఈసారి అక్కడే ఉంచక తప్పదన్నారు. కూతురి రూములో దించి వచ్చాను.

మొగుడు అమాయకుడు. పొయ్యి వెలిగితే చాలనుకుని తానే వెలిగించాడు. అన్నం కూడా వండాడు. ఊరి మగవాళ్ళు గుంపుగా వచ్చి తడిక మీద నుంచి చూశారు.

"ఏందబ్బయా, పులుసులోకి చింతపండెంత ఏసినావు?"

"రేపట్నించి గాజులు గూడా తొడుక్కోరాదా!"

అతను గరిటె పట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు. ఎగతాళితో పోయుంటే బాగుండేది. ఆడమనిషి వెలిగించని పొయ్యి పొయ్యి కాదని, రాబోయే చీట్లలో అతని పేరు తీసెయ్యాలని కాపులు అనుకున్నారు. కాపులంటే ఆ ఊరి పెద్దమనుషులు. వాళ్ళ మాట తప్పితే దురాయి వేస్తారు, అంటే ఆ ఇంటితో ఊరంతా మాటా మంచీ మానుకోవాలి.

ఆ వారంలోనే పెద్దకాపు భార్య బీపీ మాత్రలకు వచ్చింది. ఆమెను ఊరంతా అత్తా అంటుంది. నాకూ అత్తే. ఆమె చేతికి బీపీ చూసే పట్టీ చుడుతూ నేను తిట్టడం మొదలుపెట్టాను. మీ ఆయన మనిషేనా అన్నాను. ఊరికి రొయ్యలెక్కువా, మనిషెక్కువా అన్నాను. ఈ ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డనూ మోసిన మనిషిని చావమంటారా అన్నాను.

"నువ్వు అరవబాక. నాకు బీపీ పెరగతాది" అంది అత్త.

ఆమె పట్టీ తానే విప్పుకుని, మాత్రలు కొంగున ముడేసుకుంది. లేచి గుమ్మం దాకా పోయి ఆగింది.

"ఆడది ఎలిగించాల అన్నారు గాని, ఏ ఆడదో చెప్పలా గదా నర్సమ్మా?"

మర్నాడు సాయంత్రం ఆ ఇంట్లో పొగ లేచింది. పక్కింటి కోడలు వెలిగించింది. ఆ తర్వాత ఇంకొకామె. మగవాళ్ళు పాడుకు వంతులు వేసుకున్నట్టే ఆడవాళ్ళు పొయ్యికి వంతులు వేసుకున్నారు. మొదట్లో తారుమారైంది. ఒకరోజు ఇద్దరొచ్చి, నా వంతంటే నా వంతని గరిటెలతో పోట్లాడుకున్నారు. రోజుకొక చేతి పులుసు తిని మొగుడు ఒళ్ళు చేశాడని, ఆ సంగతి నెల్లూరులో చెప్పొద్దని నాతో అన్నారు. నేనే చెప్పాను. "దొంగ సచ్చినోడు, నా చేతి కూడు మీద ఎప్పుడన్నా ఒళ్ళు చేసినాడా?" అని మిషను మీద పడుకుని నవ్వింది.

నా వంతు నాకూ ఇమ్మని అడిగాను. నువ్వు మా కులం కాదు గదా, లెక్కకొస్తుందా అని ఒకామె సందేహపడింది. అత్త కసిరింది. "మన పిలకాయల్నంతా ఆ చేతుల్తోనే గదా బయటికి లాగింది. అగ్గిపుల్ల గీస్తే తప్పొచ్చిందా?"

చీట్లు వేసే రోజు వచ్చింది. ఊరు కూర్చునేది తుఫాను షెల్టరులో. అందులో ఒక గది మా టీకాలకు ఇచ్చారు. ఆ రోజు టీకాల రోజు కూడా. నేను కావాలని పెట్టించింది కాదు. మార్చమని వాళ్ళు అడిగితే మాత్రం మార్చలేదు. అందువల్ల ఒక పక్క మగవాళ్ళు చాపల మీద, ఇంకో పక్క పిల్లలను ఎత్తుకుని ఆడవాళ్ళు, మధ్యలో సూదుల ట్రేతో నేను.

పేర్లు చదువుతూ ఆ ఇంటి పేరు దాటేశారు. మొగుడు లేచి నిలబడ్డాడు.

"ఆ పేరు చదవలేదు" అన్నాను.

"నర్సమ్మా, ఇది మీ ఆఫీసు గాదు" అన్నాడు పెద్దకాపు. అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవడు. "ఊరి కట్టు ఊరిది. మీరు సూదులు చూసుకోండి."

"పొయ్యి రోజూ వెలుగుతోంది. పొగ మీరే చూస్తున్నారు."

కాపుల్లో వయసు తక్కువవాడు అందుకున్నాడు. "ఎవురో వచ్చి ఎలిగిస్తే అది ఆ ఇంటి పొయ్యి ఎట్టయితాది? ఇయ్యాల ఈమెకు ఒప్పుకుంటే రేపు బెంగుళూరు పోయినోడు గూడా పక్కింటామెతో పొయ్యి ఎలిగించుకుంటాడు. వంతు అమ్ముకుంటాడు. అప్పుడెవురిని అడగాల?"

మంచి ప్రశ్న. చదువుకున్నవాళ్ళ మీటింగుల్లో నేను అలాంటి ప్రశ్న వినలేదు. "బెంగుళూరు పోయినవాడు మిషను మీద పడుకుని ఉంటే వాడికీ ఇవ్వండి. ఉద్యోగానికి పోయినవాణ్ణీ, ప్రాణం కోసం పోయినదాన్నీ వేరుగా చూడలేమంటే మీరంతా ఇక్కడ కూర్చోవడం ఎందుకు? కట్టును ఒక గోడ మీద రాసి ఇళ్ళకు పోవచ్చు" అన్నాను.

"ఊరు దాటిన ఆడదానికి ఊళ్ళో పొయ్యి లేదు. అంతే" అన్నాడు పెద్దకాపు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి అత్త లేచింది. మనవడు చంకలో ఉన్నాడు. సూది పడి ఇంకా వెక్కుతున్నాడు.

"ఏమయ్యా, పొద్దున సద్దన్నం తిన్నావా నువ్వు?"

ఆయన తెల్లబోయాడు. "ఇప్పుడు దాని సంగతెందుకు?"

"తిన్నావా లేదా చెప్పు."

"లేదు. నువ్వు పెట్టలా."

"పెట్టలా. రాత్రి గూడా పెట్టలా. నిన్న వంతు నాది. ఆ ఇంట్లో పొయ్యి ఎలిగించినా, మనింట్లో ఎలిగించలా. కోడల్ని గూడా ఎలిగించనియ్యలా. పొయ్యి ఎలగని ఇంటికి పాడు లేదు గదా? నీ పేరు గూడా కొట్టెయ్యమను."

తర్వాత చంటిపిల్లల తల్లి ఒకామె, "మాయింట్లో గూడా మొన్న ఎలిగించలా" అంది. ఇంకొకామె, "మాది అటు మొన్న" అంది. ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. చాపల మీద మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో ఏయే పూట చల్లారిన కూడు తిన్నారో అప్పుడు వరుసగా గుర్తుకొచ్చినట్టుంది.

పెద్దకాపు చాలాసేపు తువ్వాలు మడతలు సరిచేసుకున్నాడు. చివరికి పేర్లు చదివేవాడి వైపు తిరిగి, "ఆ పేరు చదువు" అన్నాడు. "జబ్బుతో పోయిన ఇంటికి ఊరి ఆడవాళ్ళు పొయ్యి ఎలిగిస్తే అది పొయ్యే. దీన్ని గూడా కట్టులో పెట్టుకోండి." తర్వాత భార్యతో, "ఇప్పుడన్నా ఇంటికి పోయి ఏదన్నా ఎయ్యి" అన్నాడు.

ఆమె నెల్లూరులోనే ఉండిపోయింది. మరి కొన్నేళ్ళు బతికింది. కొడుకు పెళ్ళి చూసింది. కోడలొచ్చి పొయ్యి వెలిగించే దాకా ఊరి వంతులు ఆగలేదు. ఆమె పోయినప్పుడు సరస్సు ఒడ్డుకే తెచ్చుకున్నారు. ఆ రోజు ఊళ్ళో ఒక్క వల కూడా నీళ్ళలో దిగలేదు.

ఇక్కడితో ఆపితే మంచి కథ అవుతుంది. ఊరిని మెచ్చుకుని ముగించవచ్చు. కానీ నేను చెప్పదలుచుకున్నది ఇంకా మిగిలి ఉంది. ఇది ఊరి పొయ్యి వంతులు ఇంకా నడుస్తున్న రోజుల సంగతి.

ఆశా కార్యకర్త ఊళ్ళో నివాసం లేదని ఎవరో మా ఆఫీసుకు చెప్పారు. నిజానికి ఆమె పని ఆగలేదు. ఒంట్లో బాగున్న రోజుల్లో వచ్చిపోయేది. రాలేని రోజుల్లో ఫోనులో నెలలు నిండినవాళ్ళను పేరు పేరునా అడిగేది, మిగతాది నేను చేసేదాన్ని. ఆఫీసుకు పోయి ఇదంతా చెప్పాను. తాత్కాలికంగా ఇంకొకరిని పెట్టండి, ఆమె పేరు తీసెయ్యొద్దు అన్నాను.

"రూలమ్మా. స్థానిక నివాసం తప్పనిసరి" అన్నాడు అధికారి.

"సార్, తమరు పనిచేయాల్సిన ఊరు ఏది? రాత్రి ఎక్కడ పడుకుంటారు?"

ఆయన కోప్పడలేదు. ఫైలు మూసి, "అవి వేరే విషయాలు" అన్నాడు.

చదువు లేని ఒక పెద్దమనిషి, తాతల నాటి కట్టును ఒక పూటలో మార్చాడు. సద్దన్నం దొరకలేదనైనా మార్చాడు. మా వాళ్ళకు ఏ పూటా అన్నం తప్పలేదు కాబోలు, మార్చలేదు. ఆర్డరు వచ్చింది. సంతకం తీసుకుని అందజేయమని నన్నే పంపారు.

నెల్లూరు వేదాయపాళెంలో ఆమె రూముకు చేరేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడే మిషను నుంచి వచ్చి చాప మీద పడుకుని ఉంది. కళ్ళజోడు అందుబాటులో లేదని నన్నే చదవమంది. చదివాను.

"నెల్లూరులో ఉండానని తీసేసినారా?"

"అవును."

"ఇది యాడ కూర్చోని రాసినారక్కా?"

"నెల్లూరులోనే."

"మరి వాళ్ళనెవురు తీసేస్తారు?" అని కాసేపు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పెన్ను అడిగి తీసుకుని, కట్టు లేని చేత్తో పడుకునే సంతకం పెట్టింది. అక్షరాలు వంకర పోయాయి. అది చూసి ఆమె మొహం మారింది. ఆమె సంతకం ఎప్పుడూ బాగుండేది. కాగితాన్ని నా వైపు తోసేసి, అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

కొంతసేపటికి ఇటు తిరిగింది. "ఇయ్యాల మా ఇంట్లో వంతు ఎవురిది?"

"నాది" అన్నాను.

ఆమె చటుక్కున లేచి కూర్చుంది. "నీదా? మరి ఈడ కూర్చోనుండావేంది? లెయ్యి. ఇప్పుడు బయలుదేరితే గాని పొద్దుగూకేలోగా పోలేవు. లెయ్యక్కా!"

ఫోను చేసి ఇంకెవరికైనా చెబుతానన్నాను. వినలేదు. ఒకరి వంతు ఇంకొకరి మీద వేస్తే రేపు అందరూ అట్లే చేస్తారంది. గోడ పట్టుకుని నిలబడి, నా సంచి తానే తీసి నా భుజానికి తగిలించి, గేటు దాకా వచ్చి ఆటోను పిలిచింది.

నాయుడుపేట బస్టాండులో మా బస్సు ఆగింది. ఎదురుగా నెల్లూరు పోయే బస్సు నిండుగా ఉంది. ఆఫీసులు అయిపోయి ఇళ్ళకు పోయేవాళ్ళు. కిటికీ పక్కన మా డాక్టరు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, ఇటెక్కడికి అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను చెయ్యి ఎత్తలేదు. ఎండ చూశాను. ఇంకా ఉంది. దొరవారిసత్రంలో దిగి ఊరి ఆటో దొరికితే, చీకటి పడేలోగా పొయ్యి అంటుకుంటుంది.